నూటికి రెండు రూపాయలా, పది శాతమా? ఫీజు అప్పు అసలు లెక్క

నమస్తే అండీ. పొగాకు పండించే మా కొండపి వైపు ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైందంటే ఇళ్లలో ఒకటే టెన్షన్, సీటు గురించి కంటే ఫీజుకు ఎవరిని అడగాలా అని. ఎడ్యుకేషన్ లోను మాట ఎత్తితే పెద్దాయన "పది శాతమా, అమ్మో" అంటాడు. అదే పెద్దాయన సాయంత్రానికి ఊళ్లో నోటు రాసిచ్చి వచ్చి "తెలిసినవాళ్లేలే, రెండు రూపాయల వడ్డీ" అంటాడు!

(స్క్రీన్ మీద: నెలకు నూటికి 2 రూపాయలు = ఏడాదికి 24 శాతం)

బ్యాంకు పది శాతాన్ని మన ఊరి లెక్కలో చెప్పుకుంటే 83 పైసల వడ్డీ, అంతే. పైగా ఊళ్లో రాసిచ్చే ఆ ప్రామిసరీ నోటుకు మూడేళ్లకు కాలం చెల్లుతుంది కాబట్టి ఆలోపే తిరగరాయిస్తారు. లక్షకు మూడేళ్ల వడ్డీ 72 వేలు అసలులో కలిపేసి 1,72,000కు కొత్త నోటు. ఇక అక్కడినుంచి వడ్డీకి వడ్డీ, అప్పటికి పిల్లోడి బీటెక్ కూడా అయిపోదు.

మరి తెలిసి తెలిసీ అక్కడికే ఎందుకు వెళ్తారు? పొగాకు వేలం చూస్తే అర్థమవుతుంది. బ్రెజిల్‌లోనో జింబాబ్వేలోనో పంట తగ్గితే మన పొగాకు బేలుకు (కట్టకు) రేటు లేస్తుంది, అక్కడ బాగా పండితే ఇక్కడ పడిపోతుంది. మా నాన్న నా ఫీజు గురించి మాట్లాడుతూ మధ్యలో జింబాబ్వే అనేవాడు, నాకు ప్రపంచ పటం అలాగే తెలిసింది. బేళ్లు అమ్మిన డబ్బు ఖాతాలో పడగానే బ్యాంకు ముందు పంట రుణం పట్టుకుంటుంది, మిగిలిందే మనది. కాలేజీ గడువు ఆగదు, బ్యాంకు అడిగే కాగితాలు ఒక్కరోజులో తేలవు, ఊళ్లో షావుకారు మాత్రం గంటలో ఇస్తాడు. అందుకే సీటు వచ్చాక పరుగెత్తకుండా, ఇంటర్ పరీక్షలు అవగానే బ్యాంకుకు వెళ్లి మాట్లాడండి.

బ్యాంకు అప్పు మాత్రం ఊరికే రాదు. ఏడాదికి లక్షన్నర చొప్పున నాలుగేళ్లలో 6 లక్షలు తీసుకున్నారనుకోండి. చదువు, ఆపైన ఒక ఏడాది కట్టక్కర్లేదంటారు, కానీ వడ్డీ మీటరు తిరుగుతూనే ఉంటుంది. పది శాతం బారువడ్డీ వేసుకున్నా ఆ ఐదేళ్లకు 2,10,000 అవుతుంది, అది అసలులో కలుస్తుంది.

(స్క్రీన్ మీద: 8,10,000 మీద పదేళ్లకు నెల వాయిదా సుమారు 10,700. వడ్డీ ఎప్పటికప్పుడు కడితే 6,00,000 మీద సుమారు 7,930)

మొదటి ఏడాది ఆ వడ్డీ నెలకు 1,250, అప్పు పెరిగేకొద్దీ అదీ పెరిగి నాలుగో ఏడాదికి 5,000 అవుతుంది. అంతా కట్టలేకపోయినా మొదటి రెండేళ్లది కట్టుకోగలిగితే చాలా తేడా వస్తుంది.

ఇంకోటి, 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి అనే చదువు అప్పు పథకం ఉంది. పూచీకత్తు అడగరు, పొలం పాసుబుక్కు పెట్టక్కర్లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే 10 లక్షల దాకా అప్పుకు, కట్టక్కర్లేని కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ కూడా ఉంది, అయితే ఏటా ఎంపికయ్యే లక్ష మందిలో మీరుండాలి. అసలు మెలిక ఏంటంటే ఇది ఎంపిక చేసిన మంచి ర్యాంకు కాలేజీలకే, కాబట్టి ఆప్షన్లు పెట్టుకునేటప్పుడే మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో విద్యాలక్ష్మి పోర్టల్‌లో చూసుకోండి.