మలుపు అవతల ఏముందో చూడాలి

అందరికీ నమస్కారం.

ఆడవాళ్లకు ఎడమ కన్ను అదిరితే శుభమని మన తిరుపతి ఇళ్లలో ఇప్పటికీ అంటారు. అలసటతో రెప్ప నాలుగు రోజులు కొట్టుకుంటే భయపడక్కర్లేదు. కానీ శుభమనుకుని నెలల తరబడి ఊరుకుని, అదురు కంటి నుంచి బుగ్గకు, బుగ్గ నుంచి మూతికి దిగాక వచ్చేవాళ్లను చూస్తుంటాను. అప్పటికి పక్షవాతమేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. ఇది పక్షవాతం కాదు. అక్కడ కండరం చచ్చుబడుతుంది, ఇక్కడ మన మాట వినకుండా బిగుసుకుంటుంది. దీని పేరు హెమీఫేషియల్ స్పాజమ్.

ముఖాన్ని కదిలించేది ఏడో నరం. అది మెదడు కాండం నుంచి బయటికొచ్చే చోట ఒక ధమని ఆనుకుని, గుండె కొట్టుకున్నప్పుడల్లా తడుతూ ఉంటుంది. చాలామందిలో కారణం ఇదే. బొటాక్స్ ఇంజెక్షన్‌తో మూడు నాలుగు నెలలు ఉపశమనం దొరుకుతుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాలి. ఆపరేషన్‌లో అయితే చెవి వెనక ఎముకలో చిన్న కిటికీ తెరిచి, ధమనిని తప్పించి, మధ్యలో టెఫ్లాన్ అనే మెత్తటి దూది లాంటి పదార్థం పెడతాం. ఈ పద్ధతిని మైక్రోస్కోప్ సాయంతో స్థిరపరిచింది అమెరికా సర్జన్ పీటర్ జనెట్టా.

చిక్కంతా ఆ చోటు కనిపించడంలోనే ఉంది. మైక్రోస్కోప్‌లో లోతు బాగా తెలుస్తుంది, రెండు చేతులూ పనికి దొరుకుతాయి. కానీ చూపు తిన్నగానే వెళ్తుంది. నరం మొదలేమో చిన్నమెదడు చాటున ఉంటుంది. దాన్ని చూడాలని చిన్నమెదడును ఎక్కువగా పక్కకు లాగితే, ఆనుకునే ఉన్న ఎనిమిదో నరం సాగుతుంది. వినికిడి దెబ్బతినొచ్చు. నేను అన్నిటికన్నా భయపడేది దీనికే.

మన ఘాట్ రోడ్డు గుర్తు చేసుకోండి. మలుపు అవతల ఏ బండి వస్తోందో ఇవతలి నుంచి కనిపించదు. అక్కడ అద్దం పెడితే కనిపిస్తుంది. 30 డిగ్రీల ఎండోస్కోప్, అంటే కొన నుంచి పక్కకు వాలుగా చూసే సన్నని కెమెరా గొట్టం, చేసే పని అదే. చిన్నమెదడును అంతగా లాగకుండానే నరం మొదలు చూపిస్తుంది. అయితే దాని కొనకు వెనక ఏముందో తెరమీద కనిపించదు, లోపలికి దించేటప్పుడు నరానికి తగలొచ్చు. కొన వేడెక్కుతుంది. ఒక్క రక్తపు చుక్క అంటినా బొమ్మ మసకబారుతుంది.

ఎక్సోస్కోప్ కొత్తది. పైనున్న కెమెరా త్రీడీ బొమ్మను పెద్ద తెరమీద వేస్తుంది. సర్జన్ మెడ వంచి గంటలు నిలబడక్కర్లేదు, నేర్చుకునే పిల్లలకూ అదే బొమ్మ కనిపిస్తుంది. కానీ అదీ బయటి నుంచి తిన్నగా చూసేదే, మలుపు తిరగదు.

అందుకే నేను ఒక్కదాన్నే నమ్ముకోమని చెప్పను. పని మైక్రోస్కోప్ కింద చేసి, టెఫ్లాన్ పెట్టే ముందు ఒకసారి, పెట్టాక ఒకసారి ఎండోస్కోప్‌తో చూడాలంటాను. మొదటి ధమని చాటున రెండోది దాక్కుని ఉండటం అరుదేమీ కాదు. ఆపరేషన్ సాగుతుండగా ముఖ కండరాల సంకేతాలనూ, వినికిడి సంకేతాలనూ మానిటర్‌లో గమనిస్తూ ఉండాలి. ధమని పక్కకు తప్పుకోగానే, అప్పటిదాకా కనిపించిన అసహజమైన సంకేతం చాలామందిలో ఆగిపోతుంది.

అయినా కొందరికి అదురు ఆ రోజే పోదు, వారాలు, నెలలు పట్టొచ్చు. ఈ మాట థియేటర్‌లోకి తీసుకెళ్లే ముందే ఆపరేషన్‌కు వచ్చిన అమ్మను, ఆమె పిల్లలను కూర్చోబెట్టి చెప్పాలి.