72 గంటలు, 9 వారాలు: డిగ్రీ ఫైనలియర్ విద్యార్థులతో ఒక డాక్టర్ మాటలు

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళు కొంచెం ముందుకి రండి, అక్కడ కూర్చుంటే నవ్వుకోవడానికి బాగుంటుంది గానీ సరిగ్గా వినపడదు. నవ్వితే తప్పేం లేదు. బోర్డు మీద ‘ఆరోగ్య అవగాహన’ అని రాయించారు, నేను మాత్రం సెక్స్, గర్భం, కండోమ్, సుఖవ్యాధులు అనే మాటలే వాడతాను. మీరంతా 18 దాటినవాళ్ళు. నీతులు చెప్పడం నా పని కాదు, అవి చెప్పేవాళ్ళు మీ ఇళ్ళల్లో సరిపడా ఉంటారు.

నేను గవర్నమెంటు ఆసుపత్రిలో గైనిక్ ఓపీ చూస్తాను. మీ వయసు పిల్లలు మా దగ్గరికి పెద్ద సమస్యతో వచ్చారంటే, చాలాసార్లు దానికి కారణం వాళ్ళు చేసిన పని కంటే ఆ తర్వాత చేసిన ఆలస్యమే. ఎవరికి చెప్పాలో తెలియక ఒక వారం, ఫోన్‌లో వెతుక్కుంటూ ఇంకో వారం, హాస్టల్‌లో ఎవరో చెప్పారని బొప్పాయి, నువ్వులు, బెల్లం తింటూ ఇంకో పది రోజులు. బొప్పాయి తింటే గర్భం పోదమ్మా, పోయేదైతే మన ఊళ్ళల్లో ఇంత జనాభా ఉండేది కాదు.

ముందు 72 గంటల సంగతి. కండోమ్ చిరిగింది, లేదా అసలు వాడలేదు. అప్పుడు మెడికల్ షాపులో డాక్టర్ చీటీ లేకుండానే దొరికే మాత్ర ఒకటుంది, ఐ-పిల్ అని అందరూ అడిగేది అదే, అందులో ఉండేది 1.5 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్. 72 గంటలు టైముంది కదా అని మూడో రోజు సాయంత్రం దాకా ఆగొద్దు. అది చేసే పని అండం విడుదలను వాయిదా వెయ్యడం, అండం అప్పటికే విడుదలైపోతే ఇక ఆ మాత్ర చెయ్యగలిగింది పెద్దగా ఉండదు, అందుకే ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే మళ్ళీ వేసుకోవాలి. టీబీకి రిఫాంపిసిన్ వాడేవాళ్ళకి, ఫిట్స్‌కి కొన్ని రకాల మందులు వాడేవాళ్ళకి అది సరిగ్గా పని చెయ్యకపోవచ్చు, డాక్టర్‌ని అడగాలి. ఇంకో మాట, ఈ రోజు వేసుకున్న మాత్ర ఎల్లుండికి పనికిరాదు. నెలకి మూడు నాలుగుసార్లు వేసుకునేవాళ్ళు ఉన్నారు, ప్రాణానికి ప్రమాదం లేదు గానీ డేట్ అటూ ఇటూ అయిపోయి, నిజంగా గర్భం వచ్చినా తెలుసుకోలేని పరిస్థితి వస్తుంది. అన్నిసార్లు అవసరం పడుతుంటే రోజూ వేసుకునే మాత్రలున్నాయి, మూడు నెలలకోసారి చేసే అంతర ఇంజెక్షన్ ఉంది, హార్మోన్ లేని ఛాయా మాత్రలున్నాయి, ఇవి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే. గర్భసంచిలో పెట్టే కాపర్-టీ కూడా అంతే. కలిసిన ఐదు రోజుల్లోపు వేయించుకుంటే ఆ ఎమర్జెన్సీ మాత్ర కంటే గట్టిగా పని చేస్తుంది, ఇంకా పిల్లలు పుట్టనివాళ్ళకీ వెయ్యొచ్చు.

డేట్ దాటిందా, కిట్ కొని పరీక్ష చేసుకోండి. పాజిటివ్ వస్తే వెంటనే రండి. ఇక్కడ ఒక గొడవ నేను తరచూ చూస్తుంటాను. స్కానింగ్‌లో ఐదు వారాలని వస్తుంది, పక్కనున్న అబ్బాయి మొహం మారిపోతుంది, ‘మేడమ్, మేం కలిసి మూడు వారాలే అయింది’ అంటాడు. బాబూ, వారాలు లెక్కపెట్టేది కలిసిన రోజు నుంచి కాదు, చివరి నెలసరి మొదటి రోజు నుంచి. ఆ తేడా రెండు వారాలు. ఈ చిన్న లెక్క తెలియక ఆ అమ్మాయిని ఓపీ గది బయటే నిలబెట్టి తిట్టినవాళ్ళు ఉన్నారు.

ఇక చట్టం. పెళ్ళి కాకుండా అబార్షన్ చేయించుకుంటే పోలీస్ కేసు అవుతుందని మీలో సగం మంది అనుకుంటూ ఉంటారు. కాదు. 1971 నాటి ఎంటీపీ చట్టాన్ని, అంటే అబార్షన్ చట్టాన్ని, 2021లో సవరించారు, గర్భనిరోధకం ఫెయిలైన సందర్భంలో ‘భర్త’ అని ఉన్నచోట ‘భాగస్వామి’ అని మార్చారు. 20 వారాల వరకు ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు, కొన్ని పరిస్థితుల్లో 24 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు చూడాలి. పెళ్ళి కాలేదన్న కారణంతో ఆ 24 వారాల అవకాశాన్ని కాదనకూడదని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 18 దాటిన అమ్మాయికి ఆమె సంతకం ఒక్కటే కావాలి. తండ్రిది అక్కర్లేదు, భర్తది అక్కర్లేదు. పేరు బయటపెట్టిన డాక్టర్‌కి ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చు. ‘మీ అమ్మని తీసుకురా, అప్పుడు చూద్దాం’ అని ఎవరైనా అంటే ఇంకో ఆసుపత్రికి వెళ్ళండి. 18 లోపు వాళ్ళ సంగతి వేరు, గార్డియన్ సంతకం ఉండాలి, పిల్లల మీద లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం కూడా వస్తుంది.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది మెడికల్ షాపు కౌంటర్ వెనక నుంచి చీటీ లేకుండా అమ్మే అబార్షన్ కిట్. మందు మంచిదే, మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్, మేమూ అదే ఇస్తాం, 9 వారాల వరకు. కానీ ఎన్ని వారాలో, గర్భం ఎక్కడ నిలిచిందో తెలుసుకుని ఇస్తాం. గర్భసంచిలో కాకుండా నాళంలో నిలిస్తే ఈ మాత్రలు దాన్ని తొలగించవు, కొంచెం రక్తస్రావం చూసి అయిపోయిందనుకుంటారు, తర్వాత నాళం పగిలితే అది ప్రాణం మీదికొచ్చే ఎమర్జెన్సీ. ఎవరైనా ఇప్పటికే వేసేసుకుని ఉంటే, గంటకి రెండు ప్యాడ్ల చొప్పున రెండు గంటలు వరసగా తడిసినా, విపరీతమైన కడుపునొప్పి వచ్చినా, కళ్ళు తిరిగి పడిపోయినా, జ్వరమొచ్చినా రాత్రయినా సరే ఆసుపత్రికి రావాలి. వేసుకున్న మందు పేరు దాచకుండా చెప్పండి, మేం తిట్టం. తిట్టే డాక్టర్లు ఉంటారు, నిజమే, తిట్టించుకుని అయినా వైద్యం చేయించుకోండి.

అబ్బాయిలూ, మీకేం సంబంధం లేదన్నట్టు కూర్చున్నారు. కండోమ్‌ని నెలల తరబడి పర్సులో పెట్టుకుని తిరిగితే వేడికి, ఒరిపిడికి పాడవుతుంది. కొబ్బరినూనె రాస్తే లేటెక్స్ దెబ్బతిని చిరుగుతుంది. రెండు కండోములు ఒకేసారి వేసుకుంటే రెట్టింపు రక్షణ రాదు. హస్తప్రయోగం వల్ల నరాల బలహీనత రాదు, 40 చుక్కల రక్తం ఒక చుక్క వీర్యమన్నది పచ్చి అబద్ధం, ఆ అబద్ధం మీదే లాడ్జిల్లో రూములు తీసుకుని కూర్చునే ‘సెక్స్ స్పెషలిస్టులు’ బతుకుతున్నారు.

హెచ్ఐవీ భయముంటే అక్కడా 72 గంటల లెక్కే, ఆలోపు మొదలుపెట్టి 28 రోజులు వాడే మందులున్నాయి, పెప్ అంటారు. పరీక్ష ఐసీటీసీలనే ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్షా కేంద్రాల్లో ఉచితం, ఫోన్‌లో అడగాలంటే 1097. మూత్రంలో మంట, పుండు, చీము, వాసనతో తెల్లబట్ట ఉంటే సొంతంగా యాంటీబయాటిక్ వాడొద్దు, ఇద్దరూ కలిసి రండి, ఒక్కరే మందు వాడితే మళ్ళీ వస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ని అడ్డుకునే హెచ్‌పీవీ టీకా మీ వయసులో మూడు డోసులు, 26 ఏళ్ళ వరకు వేయించుకోవచ్చు, మన దేశంలోనే తయారయ్యే సెర్వావాక్ కూడా ఉంది.

మీ ప్రశ్నలు రాసిన చీటీలు ఇటు పంపండి, పేర్లు రాయొద్దు. మొదటిది... ‘బయట వదిలేస్తే గర్భం రాదా మేడమ్?’ వస్తుంది. ముందుగా వచ్చే ద్రవంలోనే కొందరికి వీర్యకణాలు ఉంటాయి, పైగా ఆ క్షణంలో ఆగగలమన్న నమ్మకం చాలామందికి అనవసరంగా ఎక్కువ. రెండోది, ‘నెలసరి రోజుల్లో కలిస్తే?’ తక్కువే గానీ అవకాశం లేదని చెప్పలేం, వీర్యకణాలు లోపల ఐదు రోజుల దాకా బతుకుతాయి, డేట్ తొందరగా వచ్చే అమ్మాయికి ఆ ఐదు రోజుల్లో అండం విడుదల కావచ్చు. మూడోది... ఇది ఎవరు రాశారో అడగను, ‘వద్దంటే వదిలేస్తాడేమో’ అని ఉంది. అమ్మా, వద్దన్నందుకు వదిలేసేవాడు డేట్ తప్పిన రోజు నీతో ఆసుపత్రికి వస్తాడా?