నెమ్మదిగా కదలడమే కష్టం

అందరికీ నమస్కారం. చెన్నైలో మన తెలుగువాళ్ల సభలో నాట్యం గురించి మాట్లాడతారంటే కూచిపూడే అనుకుని వచ్చి ఉంటారు. నేను మాత్రం ఇక్కడే బీసెంట్ నగర్‌లో, ఎలియట్స్ బీచ్ దగ్గర ఉంటూ పనిచేసిన నాట్యకారిణి చంద్రలేఖ గారి గురించి చెబుతాను.

ఆవిడ మొదటి కచేరీకే మనతో సంబంధం ఉంది. 1952లో ఆ అరంగేట్రం రాయలసీమ కరువు సహాయ నిధి కోసం జరిగింది. గురువు ఎల్లప్ప పిళ్లై. ఆడుతున్నది 'మధురా నగరిలో' అనే తెలుగు పాట. యమునలో సఖుల జలక్రీడలు అభినయిస్తుంటే, పేపర్లో చూసిన నెర్రెలిచ్చిన నేల, నీళ్ల కోసం డబ్బాలు పట్టుకుని బారులు తీరిన జనం గుర్తొచ్చి బిగుసుకుపోయానని తర్వాత చెప్పారు. కరువు నిధికి నీళ్లాట! ఈ సభలో సీమవాళ్లుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

మధ్యలో చాలా ఏళ్లు నాట్యానికి దూరంగా ఉన్నారు. 1985లో 'అంగిక' అనే నాట్య ప్రదర్శన చేశారు. భరతనాట్యంతో పాటు యోగా, కేరళ యుద్ధవిద్య కళరిపయట్టు అందులోకి వచ్చాయి. కథ కన్నా ఒళ్లే ముఖ్యమైపోయింది.

2001లో చేసిన 'శరీర' చూడండి. వేదిక మీద ఒక స్త్రీ, ఒక పురుషుడు, గుందేచా సోదరుల ధ్రుపద్ గానం, అంటే హిందుస్తానీలో ఒక పాత గాన పద్ధతి. అంతే. కాలు పైకెత్తడానికి ఇంతసేపా అనిపిస్తుంది. నిజం చెప్పాలంటే వీడియోలో చూస్తున్నప్పుడు కొన్నిచోట్ల నాకూ ఓపిక చాల్లేదు.

కానీ టీవీ డాన్స్ షోల్లో మనం చప్పట్లు కొట్టే పల్టీల కన్నా కష్టం ఇక్కడే ఉంది. గెంతేటప్పుడు ఊపు సగం పని చేసిపెడుతుంది. ఆ ఊపు తీసేస్తే, కదలిక మొదలైనప్పటి నుంచి ఆగేదాకా బరువంతా తొడలే మోయాలి, నడుమే పట్టి ఉంచాలి. చిన్న తడబాటును వేగం కప్పేస్తుంది. నెమ్మదిగా చేస్తే వణుకు మూడో వరసకు కూడా కనిపిస్తుంది. ఊపిరి బిగబట్టారో, కాలు ఇంకా ముందే వణుకుతుంది. అందుకే ఇలాంటి బృందాల్లో స్టెప్పుల కన్నా ముందు ఊపిరి మీద సాధన చేయిస్తారు. ఏళ్ల తరబడి అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చునే భంగిమలో, సాధన చేసినవాళ్లకు కూడా ఇది కొత్తే.

ఇప్పుడు మన పిల్లలిద్దరు అరమండిలోంచి నేల మీదకు దిగి, చేతులు ఆనించకుండా లేస్తారు. కాస్త సమయం పడుతుంది. ముఖాలు కాదు, మోకాళ్లు చూడండి. మధ్యలో మాత్రం చప్పట్లు కొట్టకండి, వాళ్ల లెక్క తప్పుతుంది.