ఇంటిల్లిపాదీ మారథాన్: పక్కన పరుగు, గట్టున పిలుపు

అందరికీ నమస్కారం.

ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరు అన్నతోనో, భార్యతోనో, ఎదిగిన కూతురితోనో కలిసి మారథాన్‌కు పేరిచ్చారు. మిగిలినవాళ్లు వాళ్లను చూడటానికి రోడ్డు పక్కన నిలబడబోతున్నారు. ఇద్దరికీ కలిపి ఒకటే చెప్పాలని ఉంది. ఆ రోజు ఇద్దరికీ పని ఉంది, ఆ పనికి లెక్క ముందే వేసుకోవాలి. ఎంత ప్రేమ ఉన్నా లెక్క లేకపోతే 30వ కిలోమీటరు దగ్గర ఒకరినొకరు వెతుక్కోవడంతోనే సరిపోతుంది.

ముందు పరుగెత్తేవాళ్ల సంగతి. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగెత్తిన ఆ దూరాన్నే 1921లో ప్రమాణంగా ఖాయం చేశారు. ఇంత దూరంలో ఇద్దరు మనుషులు ఒకేలా అలసిపోరు, ఒకే రక్తం పంచుకు పుట్టినా సరే. 2016 రియో ఒలింపిక్స్ మహిళల మారథాన్‌లో ఎస్తోనియా తరఫున లైలా, లీనా, లిలీ లూయిక్ అనే ముగ్గురు కవల అక్కచెల్లెళ్లు పరుగెత్తారు. ఒకే తల్లి కడుపున ఒకేసారి పుట్టినవాళ్లు. ఇద్దరు వేర్వేరు సమయాల్లో పూర్తి చేశారు, మూడో ఆమె మధ్యలోనే ఆగిపోయింది. ఒలింపిక్స్ స్థాయి వాళ్లకే అలా అయితే, మన ఇంట్లో 50 ఏళ్ల తండ్రికీ 24 ఏళ్ల కూతురికీ తేడా ఎంత ఉంటుందో ఆలోచించండి.

కాబట్టి కలిసి పరుగెత్తాలనుకున్నాక పేస్, అంటే కిలోమీటరుకు పట్టే సమయం, నిర్ణయించే హక్కు నెమ్మదిగా పరుగెత్తేవాళ్లదే. 4 గంటల్లో పూర్తి చేయాలంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు. 5 గంటలకైతే 7 నిమిషాల 7 సెకన్లు. మధ్యలో తేడా 86 సెకన్లు. "నాకేముంది, చెల్లి కోసం మెల్లగా వస్తాను" అని అన్న సులువుగా అనేస్తాడు. కానీ అలవాటు లేని మెల్లని పరుగు సులువు కాదు. అడుగు పొట్టిదవుతుంది, పాదం నేల మీద ఎక్కువసేపు ఉంటుంది, కాళ్ల మీద ఉండే సమయం గంట పెరుగుతుంది. అందుకే రేసుకు ముందు 16 నుంచి 20 వారాలు శిక్షణ సాగుతుంది కదా, అందులో కనీసం మూడు లాంగ్ రన్‌లు ఆ ఉమ్మడి పేస్‌లోనే కలిసి చేయాలి. వాటిలో ఒకటి 30 కిలోమీటర్లకు తగ్గకూడదు. వేగం పెంచే సాధన మాత్రం ఎవరికి వాళ్లు విడిగా చేసుకోవడమే మంచిది. అక్కడ కలిసి చేస్తే ఒకరికి చాలదు, ఇంకొకరికి మితిమీరుతుంది.

జంటగా పరుగెత్తేవాళ్లు పాడయ్యేది చాలాసార్లు మొదటి 10 కిలోమీటర్లలోనే. ఎలా పాడవుతారో దగ్గరగా చూడండి. వేగం ఉన్నవాడి భుజం పక్కవాళ్ల భుజం కన్నా అరడుగు ముందుంటుంది. అతను కావాలని చేయడు, కాళ్లు అలా తీసుకుపోతాయి. పక్కన ఉన్న మనిషి తెలియకుండానే ఆ అరడుగు పూడ్చుకుంటుంది. వెంటనే అతని భుజం మళ్లీ అరడుగు ముందుకు జరుగుతుంది. ఇద్దరూ నవ్వుతూ మాట్లాడుకుంటూనే ఉంటారు, వాచీలో మాత్రం కిలోమీటరుకు 10 సెకన్లు తగ్గిపోతూ ఉంటాయి. ఆ వేగానికి ఒంట్లోని గ్లైకోజెన్, అంటే కండరాల్లోనూ కాలేయంలోనూ దాచుకున్న పిండి పదార్థం, త్వరగా ఖర్చవుతుంది. ఆ ఖర్చు 30 కిలోమీటర్లు దాటాక బయటపడుతుంది. ఒంట్లో శక్తి ఒక్కసారిగా అయిపోయినట్టయ్యే ఆ స్థితినే రన్నర్లు "వాల్ తగిలింది" అంటారు. విరుగుడు సులువు: నెమ్మదిగా పరుగెత్తేవాళ్లు అరడుగు ముందు, వేగం ఉన్నవాళ్లు అరడుగు వెనక. 25 కిలోమీటర్ల దాకా ఈ వరస మార్చకండి. నిండు వాక్యం ఆయాసం లేకుండా చెప్పగలిగితే పేస్ సరిగ్గా ఉన్నట్టు. మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకోవాల్సి వస్తే తగ్గించాల్సిందే.

ముగ్గురు, నలుగురు ఉంటే రోడ్డంతా అడ్డంగా పరచుకోవద్దు. ఇద్దరి వెనక ఇద్దరు చాలు. వయసు నిబంధన కూడా చూసుకోండి. బోస్టన్, న్యూయార్క్, లండన్ మారథాన్‌లలో రేసు రోజుకు 18 నిండాలి. నడవలేని బిడ్డనో, తోబుట్టువునో చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి నెడుతూ పరుగెత్తాలనుకునేవాళ్లు నిర్వాహకుల అనుమతి ముందే తీసుకోవాలి. అమెరికాలో డిక్ హోయిట్ అనే తండ్రి, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు స్వాధీనంలో ఉండని స్థితి) ఉన్న కొడుకు రిక్‌ను కుర్చీలో నెడుతూ 1977లో 5 మైళ్ల పందెంతో మొదలుపెట్టి, 2014 దాకా బోస్టన్ మారథాన్ 32 సార్లు పరుగెత్తాడు. అంతటి జంటకు కూడా మొదట్లో అక్కడ అధికారిక ప్రవేశం దొరకలేదు. ఈరోజు చాలా రేసుల్లో అలాంటి జంటలకు చోటు ఉందంటే వాళ్లు వేసిన దారి అందులో చాలా ఉంది.

ఇక ఒప్పందం. ఇది రేసుకు వారం ముందే నోరు విప్పి మాట్లాడుకోవాలి, 33వ కిలోమీటరు దగ్గర కాదు. ఒకరు మందగిస్తే రెండోవాళ్లు చివరిదాకా ఉంటారా? లేక ఫలానా కిలోమీటరు తర్వాత ఎవరి దారి వాళ్లదా? ఒకరు ఆగిపోతే ఇంకొకరు కొనసాగాలా? ఏ జవాబైనా తప్పు కాదు, జవాబు లేకపోవడమే తప్పు. రన్నర్ అలసిన స్థితిలో "నువ్వు వెళ్లిపో" అంటే అది నిజమైన మాటా, మొహమాటమా అన్నది కట్టుకున్న భార్యకైనా తెలియదు. ముందే అనుకుంటే ఆ బరువు ఇద్దరికీ తప్పుతుంది. కటాఫ్ సమయం ఉన్న రేసయితే ఏ పాయింట్‌ను ఎన్ని గంటలకల్లా దాటాలో ఇద్దరికీ తెలిసి ఉండాలి. జెల్‌లు (పరుగులో శక్తి కోసం మింగే తీపి ముద్దల పొట్లాలు), ఫోన్, అత్యవసర నంబరు రాసిన చీటీ ఎవరివి వాళ్ల దగ్గరే ఉండాలి. అన్నీ ఒకరి నడుం బెల్టులో పెడితే, విడిపోయిన క్షణం రెండోవాళ్లకు ఏమీ మిగలదు.

టాయిలెట్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది, కానీ జంటలను చెదరగొట్టేది ఎక్కువగా అదే. పేస్ 6 నిమిషాల 40 సెకన్లు అనుకుందాం. ఒకరు 2 నిమిషాలు ఆగారు, మిగిలినవాళ్లు పరుగు ఆపలేదు. 300 మీటర్ల దూరం పడింది. దాన్ని పూడ్చడానికి ఆ మనిషి కిలోమీటరుకు 20 సెకన్లు వేగం పెంచితే, కలుసుకోవడానికి 6 కిలోమీటర్లు పడుతుంది. అంత శ్రమ తర్వాత ఆ మనిషి కాళ్లలో ఏం మిగులుతుంది? దీనికి బదులు మిగిలినవాళ్లు కిలోమీటరుకు 10 నిమిషాల చొప్పున నడుస్తూ ఉండాలి. ఆగిన మనిషి మామూలు పేస్‌తోనే వచ్చి 600 మీటర్ల దగ్గర కలుస్తుంది. అందరికీ పోయేది 2 నిమిషాలే, ఎవరూ ఆయాసపడరు. నిలబడి ఎదురుచూడటం కన్నా నడవడమే మేలు, పిక్కలు పట్టేయవు.

తిండి, నీళ్లు. గంటకు 30 నుంచి 60 గ్రాముల కార్బోహైడ్రేట్ అందాలి. మామూలు జెల్ ఒక్కోదానిలో 20 నుంచి 25 గ్రాములు ఉంటుంది. అంటే గంటకు రెండు, మొదటిది 40 నిమిషాలకల్లా. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యమే. లాంగ్ రన్‌లో కడుపుకు పడిందే రేసులో వాడాలి. "నాది చాలా బాగుంటుంది, రుచి చూడు" అని తమ్ముడికి కొత్త జెల్ ఇవ్వకండి. నీళ్ల విషయంలో కుటుంబాలు చేసే పొరపాటు ప్రేమతో కూడినదే. ప్రతి స్టేషన్‌లోనూ "తాగు, ఇంకొంచెం తాగు" అని బలవంతం చేస్తారు. చెమటలో పోయినదాని కన్నా ఎక్కువ నీళ్లు తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది, దాన్నే హైపోనాట్రీమియా అంటారు. 2002 బోస్టన్ మారథాన్‌లో రక్తం పరీక్షించిన 488 మంది రన్నర్లలో 13 శాతానికి ఈ స్థితి కనిపించింది. 4 గంటలు దాటి పరుగెత్తేవాళ్లకు ఈ ముప్పు ఎక్కువ, ఎందుకంటే తాగడానికి వాళ్లకు సమయం ఎక్కువ దొరుకుతుంది. దాహాన్ని బట్టి తాగితే చాలు. ఉంగరం బిగుసుకుపోవడం, వికారం, తలనొప్పి, తికమక కనిపిస్తే ఇంకా నీళ్లు పట్టకండి, వైద్య శిబిరానికి తీసుకెళ్లండి. నొప్పి మాత్రల సంగతీ ఇక్కడే చెప్పాలి. పరుగు మధ్యలో ఇబుప్రోఫెన్ లాంటివి వేసుకుంటే మూత్రపిండాల మీద భారం పడుతుంది. ఇంట్లోవాళ్లు జేబులో పెట్టి ఇచ్చినా వేసుకోవద్దు.

సొంత మనిషి పక్కన ఉండటంలో ఉన్న పెద్ద లాభం ఇదీ: మాట తేడా వాళ్లకే ముందు తెలుస్తుంది. "బాగున్నావా?" అని అడగకండి. ఎవరైనా "ఆ" అనే అంటారు. "నాన్నా, ఇప్పుడు ఎన్నో కిలోమీటరు? పోయిన జెల్ ఎప్పుడు తీసుకున్నావు?" అని అడగండి. ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్న అది. జవాబు పొంతన లేకుండా వచ్చినా, ఎప్పుడూ నెమ్మదిగా ఉండే మనిషి కసురుకున్నా, అడుగు తూలినా ఆ పరుగు అక్కడితో ఆపాలి. ఎండలో అది వడదెబ్బ కావచ్చు. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే ముందు చల్లబరచాలి, ఆసుపత్రి ఆ తర్వాతే. చల్లటి నీళ్లలో ముంచగలిగితే అంతకన్నా మంచి వైద్యం లేదు. లేకపోతే ఒళ్లంతా తడిపి గాలి విసరాలి. అప్పుడు "ఇంకో 5 కిలోమీటర్లే కదా" అనేవాళ్లు ఆ మనిషికి మేలు చేయట్లేదు.

ఇప్పుడు గట్టున నిలబడేవాళ్లు. మీ పని అంకెలతో మొదలవుతుంది. తుపాకీ పేలింది 6 గంటలకు అనుకోండి. వెనక గుంపులో ఉన్న మీవాళ్లు స్టార్ట్ లైన్ దాటేసరికి 6:20 అవుతుంది. లెక్క అక్కడి నుంచి. కిలోమీటరుకు 6 నిమిషాల 40 సెకన్లయితే 12వ కిలోమీటరుకు 7:40, 30కి 9:40, 36కి 10:20, ఫినిష్‌కు 11:01. దీన్ని కాగితం మీద రాసుకోండి. ట్రాకింగ్ యాప్ ఉందిగా అనుకోవద్దు. రన్నర్ ఒంటి మీది చిప్‌ను గుర్తించి సమయం నమోదు చేసే టైమింగ్ మ్యాట్ మీద అడుగు పడినప్పుడే దానికి నిజం తెలుస్తుంది, మధ్యలో కదిలే చుక్క అంచనా మాత్రమే. పైగా వేలమంది ఉన్నచోట నెట్‌వర్క్ మొరాయిస్తుంది. చెప్పిన సమయానికి 15 నిమిషాలు ముందే వెళ్లండి, 30 కిలోమీటర్ల తర్వాతైతే అరగంట ఆలస్యమైనా కంగారుపడకండి.

ఒక్కచోటే నిలబడగలిగితే 30, 36 కిలోమీటర్ల మధ్య నిలబడండి. స్టార్ట్ దగ్గర అందరికీ ఉత్సాహం ఉంటుంది, ఫినిష్ దగ్గర జనంలో మీ ముఖం కనిపించదు. వాటర్ పాయింట్ దగ్గర వద్దు. అక్కడ రన్నర్ కళ్లు గ్లాసు మీద ఉంటాయి, చుట్టూ తోపులాట. దాన్ని దాటి 200 మీటర్ల అవతల నిలబడండి. ఏ పక్కన ఉంటారో ముందే చెప్పాలి, రన్నర్ వైపు నుంచే చెప్పాలి. వాళ్లకు ఎదురుగా నిలబడితే మీ కుడి వాళ్లకు ఎడమ. ఈ ఒక్క తికమకతో ఎదురెదురుగా వచ్చి కూడా చూసుకోకుండా పోయినవాళ్లు ఎందరో.

ఈ పేస్‌లో మనిషి సెకనుకు రెండున్నర మీటర్లు కదులుతాడు. 10 మీటర్ల దూరంలో పేరు పిలిస్తే మీకు దొరికేది 4 సెకన్లు. అతను తల ఎత్తి, మీ గొంతు పోల్చుకుని, చూసేలోపు దాటిపోతాడు. 40 మీటర్ల దూరం నుంచే మొదలుపెడితే 16 సెకన్లు ఉంటాయి, ఆ 16 సెకన్లలో చెయ్యి తగలడం కూడా కుదురుతుంది. ఇంట్లో పిలిచే పేరుతోనే పిలవండి. బిబ్ మీద, అంటే రన్నర్ చొక్కాకు తగిలించే నంబరు గుడ్డ మీద, ఉన్న పేరును దారిన పోయేవాళ్లూ పిలుస్తారు, బుజ్జీ అనో, చిన్నోడా అనో పిలిచేది మీరే. ఒకరు వీడియో తీస్తే చాలు, మిగిలినవాళ్లు ఫోన్లు దించి ముఖాలు కనబడనివ్వండి. నవ్వే ముఖాలను స్పృహకు అందనంత వేగంగా తెర మీద చూపించినా సైక్లిస్టులు ఎక్కువసేపు తొక్కగలిగారని 2014లో ఒక అధ్యయనం చూపింది. మీ నవ్వు అలంకారం కాదు, పనిచేసే వస్తువు.

30వ కిలోమీటరు దగ్గర "అయిపోయింది, వచ్చేశావు" అనకండి. ఇంకా 12 కిలోమీటర్లు, 80 నిమిషాల పైమాటే. ఆ మాట విన్న మనిషికి ఊరట కలగదు, దిగులు పుడుతుంది. "36 దగ్గర అమ్మ ఉంది, ఎడమ పక్క" అనండి. చేరుకోవడానికి ఒక చోటు దొరుకుతుంది. "నీరసంగా కనిపిస్తున్నావు" అన్న మాట ఎంత నిజమైనా నోట్లోనే ఉంచుకోండి, నిజంగా భయపడేంత ఉంటే తప్ప. బోస్టన్‌లో సగం దూరం దగ్గర వెల్లెస్లీ కాలేజీ అమ్మాయిలు పెట్టే కేకలు కిలోమీటరుకు పైగా ముందే వినిపిస్తాయంటారు. వాళ్లవి ముక్కూమొహం తెలియనివాళ్లకు పెట్టే కేకలు. మీ పక్క నుంచి ఒంటరిగా పోతున్న రన్నర్‌కు కూడా ఒక కేక వేయండి.

రోడ్డులోకి దిగి పక్కన పరుగెత్తవద్దు. బిబ్ లేని మనిషి తోడు పరుగెత్తితే చాలా రేసుల్లో నిబంధనకు విరుద్ధం, రన్నర్‌ను ఫలితాల నుంచి తీసేసే ప్రమాదముంది. పిల్లల్ని ఫినిష్ లైన్ దగ్గర చేతికి అందించడమూ అంతే, ముందే అడిగి తెలుసుకోండి.

చివరి 200 మీటర్లలో చేతులు పట్టుకోవాలని జంటలకు ఉంటుంది. 2016 రియో ఒలింపిక్స్ మారథాన్‌లో జర్మనీ కవలలు అన్నా, లీసా హానర్ చేతులు పట్టుకుని రేఖ దాటితే వాళ్ల దేశ సమాఖ్యే విమర్శించింది. అది పతకాల పోటీ. మీకు ఆ బాధ లేదు, పట్టుకోండి. వెనక వచ్చేవాళ్లకు దారి ఉందో లేదో మాత్రం ఒకసారి తిరిగి చూడండి.

రేఖ దాటాక వెంటనే కూర్చోవద్దు. కాళ్లలో చేరిన రక్తం పైకి రాక కళ్లు తిరుగుతాయి. పది నిమిషాలు నడవాలి. పడిపోతే పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పెట్టాలి. ఒళ్లు త్వరగా చల్లబడుతుంది, పొడి చొక్కా, స్వెటరు గట్టున ఉన్నవాళ్ల సంచిలో ఉండాలి. కలుసుకునే చోటు ఫినిష్ దగ్గర పెట్టుకోకండి, బయటికి వచ్చే దారికి కనీసం 300 మీటర్ల అవతల, ఫోన్ పనిచేయకపోయినా గుర్తుపట్టగలిగే చోట. పెద్ద రేసుల్లో అక్షరాల బోర్డులుంటాయి. ఇంటిపేరు మొదటి అక్షరం దగ్గర అందరూ గుమిగూడతారు కనుక, ఖాళీగా ఉండే వేరే అక్షరం ఎంచుకోండి. బూట్ల లేసులు విప్పడానికి వంగలేరు, ఆ పని మీరే చేయండి.