కార్బన్ గుడ్డకి ఆవిరి పూత ఎలా ఎక్కిస్తారు?

నమస్తే అండీ. మెటీరియల్స్ ల్యాబ్‌లో ప్రాజెక్ట్ చేస్తున్న పిల్లల కోసం ఈ వీడియో. ఇంట్లో మాత్రం ఎవరూ ప్రయత్నించకండి. 2014లో నగరం పైపులైను పేలుడు చూసిన కోనసీమ వాళ్ళకి గ్యాస్ గురించి నేను వేరే చెప్పక్కర్లేదు.

ముందు గుడ్డ చూడండి. మామూలు నేతే, పడుగూ పేకా కనిపిస్తున్నాయి. బండారులంక నేతగాళ్ళకి ఇందులో వింతేమీ ఉండదు. తేడా అంతా నూలులో ఉంది. ఈ గుడ్డలో ఒక్కో పోగుకి 3,000 కార్బన్ ఫైబర్లు, ఒక్కోటి సుమారు 7 మైక్రాన్ల మందం (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). తెగకుండా దీనికీ గంజి పెడతారు, కాకపోతే అది ఎపాక్సీ గంజి. ఎసిటోన్‌లో నానబెట్టో, నైట్రోజన్‌లో వేడి చేసో దాన్ని వదిలించాలి. గాలిలో కాల్చొద్దు. 500 డిగ్రీలు దాటితే గంజితో పాటు ఫైబరూ కాలి గాలిలో కలిసిపోతుంది. పైన సిలికాన్ కార్బైడ్ పొర వేసేది కూడా ఇందుకే. ఇస్రో 2024లో పరీక్షించిన పీఎస్‌ఎల్‌వీ నాలుగో దశ కార్బన్-కార్బన్ నాజిల్‌కి, అంటే కార్బన్ ఫైబర్ల సందుల్ని కార్బన్‌తోనే నింపి చేసిన, రాకెట్ మంట బయటికొచ్చే గొట్టానికి, ఆ పూత ఉంది.

మొదటి పొర కార్బన్. దీనికి మీథేన్ కావాలి. మన కేజీ బేసిన్‌లో దొరికే సహజవాయువులో ఎక్కువ భాగం అదే అయినా, ల్యాబ్‌కి శుద్ధమైన సిలిండరే తెప్పించండి. వంటగ్యాస్ అస్సలు వద్దు, వాసన కోసం అందులో గంధకం ఉన్న రసాయనం కలుపుతారు. గుడ్డని ఫర్నేస్‌లో వేలాడదీసి, లోపలి గాలంతా లాగేసి, వేడి 1,000 డిగ్రీలు దాటాక మీథేన్ సన్నగా వదలాలి. అది విడిపోయి కార్బన్ ఫైబర్ మీద కూర్చుంటుంది, హైడ్రోజన్ బయటికి పోతుంది.

దీపం మీద పళ్ళెం బోర్లించి కాటుక పట్టడం లాంటిదే కదా అనుకుంటారేమో. కాదండీ. కాటుక మంటలోనే పొడిగా పుట్టి పళ్ళేనికి అంటుకుంటుంది, వేలితో తుడిస్తే వచ్చేస్తుంది. మనకి కావాల్సిన కార్బన్ ఫైబర్ ఒంటి మీదే పుట్టాలి. ఫర్నేస్‌లో మసి కనిపిస్తే వేడో, గ్యాసో ఎక్కువైందని అర్థం.

అసలు చిక్కు ఇక్కడుంది. వేడి పెంచితే పూత త్వరగా ఎక్కుతుంది, కానీ పోగు బయటి ఫైబర్ల మీదే. సందులు మూసుకుపోయి లోపలికి గ్యాస్ అందదు. అందుకే వేడి, ప్రెషర్ రెండూ తగ్గించి ఎక్కువసేపు నడపాలి. మందమైన భాగాలకైతే పరిశ్రమల్లో వందల గంటలు పడుతుంది. మధ్యలో ఆపి, పైన మూసుకున్న పొరని చెక్కి, మళ్ళీ లోపల పెడతారు.

తర్వాత కార్బైడ్. మిథైల్ ట్రైక్లోరోసిలేన్ అనే ద్రవాన్ని ఆవిరి చేసి హైడ్రోజన్‌తో పంపుతాం. ఒక్కో అణువులో ఒక సిలికాన్, ఒక కార్బన్ ఉంటాయి, మన పొరకి సరిగ్గా అదే లెక్క. మిగిలిన క్లోరిన్ హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఆవిరిగా పోతుంది. దాన్ని కాస్టిక్ సోడా నీళ్ళలోంచి పంపకపోతే పంపు పాడవుతుంది, మీ ఊపిరితిత్తులూ పాడవుతాయి.

ఇంకో సంగతి. చల్లారేటప్పుడు కార్బైడ్ పొర కార్బన్ కంటే ఎక్కువ ముడుచుకుంటుంది, దాంతో సన్నని పగుళ్ళు వస్తాయి. కింద పలచటి కార్బన్ పొర ఉంటే పగులు అక్కడ పక్కకి తిరుగుతుంది, ఫైబర్ తెగదు. అర మైక్రాన్ లోపు చాలు.

ఇక తూకం. 7 మైక్రాన్ల ఫైబర్ మీద నేరుగా అర మైక్రాన్ కార్బైడ్ వేస్తే ఎంత బరువు పెరుగుతుందంటారు? ఐదు శాతం, పది శాతం అంటారు చాలామంది. సాంద్రతలు 1.8, 3.2 వేసి లెక్క కట్టండి, సుమారు 54 శాతం వస్తుంది. అంటే గ్రాము గుడ్డ గ్రామున్నర దాటాలి.

తూకం సరిపోయిందని సంతోషపడిపోకండి. బరువంతా బయటి ఫైబర్లకే పట్టి ఉండొచ్చు. చిన్న ముక్క కోసి, రెజిన్‌లో పోసి, పాలిష్ చేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టండి. పోగు మధ్యలో ఉన్న ఫైబర్ మీద పొర ఎంతుందో కొలిచి, బయటి దాంతో పోల్చండి. మధ్యలో సగం కూడా లేకపోతే తర్వాతి రన్‌లో 50 డిగ్రీలు తగ్గించి, టైమ్ పెంచండి.