పీపా ట్యాంకు, ముగ్గురు మనుషులు, పొగమంచు

నమస్తే అండీ. విజయవాడ నుంచి మళ్ళీ వచ్చేశాను. వెనకాల వినిపించే హారన్లను పట్టించుకోకండి. మాది ఏలూరు రోడ్డు పక్క సందు, రాత్రి పదకొండు దాటితే గానీ నిశ్శబ్దం ఉండదు.

పోయిన వీడియోలో ఈ ట్యాంకు డయోరమా, అంటే ఒక సన్నివేశాన్ని చిన్న బొమ్మల్లో చూపించేది, పూర్తయిపోయిందని చెప్పాను కదా. పూర్తి కాలేదు. ట్యాంకు మీద నాలుగు నెలలు కూర్చున్నాను. అందులోని ముగ్గురు మనుషుల్ని మాత్రం ఒక్క ఆదివారం సాయంత్రం కూర్చుని ముగించేశాను. ఆ తేడా ఎవరికైనా తెలిసిపోతుంది. మా అమ్మ కళ్ళజోడు సర్దుకుని చూసి, "వీళ్ళు బస్సు కోసం నిలబడ్డారా?" అంది. కోపం వచ్చింది గానీ, చూస్తే నిజమే. ముగ్గురూ మన నెహ్రూ బస్టాండులో బోర్డు చూస్తున్నట్టే ఉన్నారు. అందుకే ఈరోజు వాళ్ళని పీకేసి మళ్ళీ చేస్తున్నాను.

ముందు ఇది ఏ సన్నివేశమో చెప్పాలి. కొత్తగా వచ్చినవాళ్ళు ఉంటారు కదా.

1971 నవంబరు 21, తెల్లవారుజాము. యుద్ధం అధికారికంగా మొదలైంది డిసెంబరు 3న, అంటే ఇది దానికి ముందే. అప్పటి తూర్పు పాకిస్తాన్‌లో, సరిహద్దుకు దగ్గర్లో గరీబ్‌పూర్ అనే ఊరు. మన 14 పంజాబ్ బెటాలియన్, దానికి తోడు 45 కేవల్రీ అనే ట్యాంకు దళానికి చెందిన 14 పీటీ-76 ట్యాంకులు అక్కడ పాకిస్తాన్ ఎదురుదాడిని ఆపడానికి కాచుకుని ఉన్నాయి. అవతలి నుంచి వచ్చినవి అమెరికా తయారీ ఎం24 చాఫీ ట్యాంకులు. మధ్యలో దట్టమైన పొగమంచు. మన స్క్వాడ్రన్ కమాండర్ మేజర్ దల్జీత్ సింగ్ నారంగ్ టరెట్‌లోంచి, అంటే ట్యాంకు మీద తిరిగే గన్ గదిలోంచి, బయటికి నిలబడి ట్యాంకులను నడిపిస్తూ మెషిన్ గన్ తూటాలకు బలయ్యారు. మరణానంతరం ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు. నేను ఆయన ట్యాంకు చేయడం లేదు. ఆయన ముఖం చెక్కే ధైర్యం నాకు లేదు. అదే పొగమంచులో, కాస్త పక్కన నిలబడిన పేరు లేని ట్యాంకు ఇది. కాల్పులు మొదలవడానికి ముందు.

పీటీ-76 అంటే రష్యా వాళ్ళ తేలిక రకం. బరువు 14 టన్నుల చుట్టూ. నీళ్ళలో గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఈదుతుంది. మన కృష్ణలో దింపితే భవానీ ద్వీపానికి పడవ టికెట్ కొనక్కర్లేదు. మనవాళ్ళు దీన్ని 'పిప్పా' అని పిలిచేవారు. పంజాబీలో నెయ్యి డబ్బా అని అర్థం. ఖాళీ డబ్బాలా తేలుతుంది కాబట్టి ఆ పేరు. మనకి పీపా ఉండనే ఉంది, పెద్దగా తర్జుమా అక్కర్లేదు. ఇంత తేలిగ్గా తేలాలంటే కవచం పల్చగా ఉండాలి. ఎక్కడా 20 మిల్లీమీటర్లు మించదు. నా బొమ్మ అసలు ట్యాంకులో 35వ వంతు, కాబట్టి 35తో భాగించండి, అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. ఈ ప్లాస్టిక్ కిట్ గోడలే దానికంటే మందం.

35 ఎందుకంటారా? జపాన్ తమియా కంపెనీ 1960ల మొదట్లో పాంథర్ ట్యాంకు బొమ్మ చేసేటప్పుడు లోపల మోటరూ బ్యాటరీలూ పట్టాలని కొలతలు చూసుకుంటే 1/35 దగ్గర తేలింది. అంతే, అదే ప్రపంచానికి లెక్క అయిపోయింది. ఆ లెక్కన ఆరడుగుల మనిషి ఇక్కడ ఐదు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ.

సరే, అసలు సమస్యకి వద్దాం. పొగమంచుని బొమ్మలో ఎలా పెడతాం? దూది అంటిస్తే వినాయక చవితి మండపంలో హిమాలయాల్లా ఉంటుంది. చేసి చూశాను, అందుకే చెబుతున్నాను. వారం రోజులు ఆలోచించాక ఒకటి తట్టింది. మంచులో మనిషికి కన్ను పనిచేయదు, చెవి పనిచేస్తుంది. అవతలి ట్యాంకు కనబడటానికి ముందే దాని ఇంజిన్ వినబడుతుంది. కాబట్టి నా మనుషులు చూడకూడదు, వినాలి.

ఇక్కడ ట్యాంకు కూడా మనకి సాయం చేస్తుంది. దగ్గరగా చూడండి. టరెట్ మీద కమాండర్‌కీ, గన్‌లో గుళ్ళు నింపే లోడర్‌కీ కలిపి ఒకటే పెద్ద మూత, కోడిగుడ్డు ఆకారంలో. అది ముందువైపుకి తెరుచుకుని గోడలా నిలబడుతుంది. దాని పక్కనుంచో, పైనుంచో తొంగి చూడాలి. పైగా ఇందులో గన్ పేల్చేది కూడా కమాండరే. పాపం, రెండు ఉద్యోగాలు. అందుకే అతను నింపాదిగా నిలబడే మనిషి కాదు, ఏ క్షణమైనా కిందికి జారి గన్ పట్టుకోవాలి. పాత ఫిగర్‌లో నేను చేతులు మూత మీద వేసి దర్జాగా నిలబెట్టాను. ఇప్పుడు ఒక చేయి లోపలికి దించాను, భుజం వంచాను, మెడ మూత పక్కకి సాచాను.

దీనికి ఫిగర్‌ని కోయాలి. మెడ దగ్గర, భుజం దగ్గర సన్న రంపంతో కోసి, సన్నటి రాగి తీగ గుచ్చి, తిప్పి చూసుకుంటూ ఉండాలి. వెంటనే అంటించకండి. ఒక పూట అలా వదిలేసి, గదిలోకి వస్తూ పోతూ చూడండి. తల కొద్దిగా, నిజంగా కొద్దిగా తిరిగినా అర్థం మారిపోతుంది.

ఖాళీలు పూడ్చడానికి ఎం-సీల్. పైపు కారితే వాడేదే. కలిపాక సుమారు అరగంట మెత్తగా ఉంటుంది, ఆలోపే పని కానివ్వాలి. సూదిని నీళ్ళలో ముంచుతూ మడతలు తీయాలి. నా లోడర్‌కి తలపాగా పెట్టాను, నల్లది. సన్నటి పేలికలు చేసి ఒకదాని మీద ఒకటి చుట్టాను. మొదటి రెండుసార్లు జిలేబీలా వచ్చింది. మూడోసారి కుదిరింది. అతను తల ఒక పక్కకి వాల్చి, చెయ్యి చెవి వెనక పెట్టి వింటున్నాడు.

ఇది రాసుకుంటుంటే కొండపల్లి గుర్తొచ్చింది. అంబారీ ఏనుగు బొమ్మ చూశారుగా? అక్కడ కూడా ఒక వాహనం, మీద మనుషులు. తెల్లపొణికి చెక్కతో చేతులు, కాళ్ళు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. మనం ఎం-సీల్‌తో చేసే పని వాళ్ళు ఎప్పటినుంచో చేస్తున్నారు. మావటి నిజంగా ఏనుగు మీద కూర్చున్నట్టు ఉంటాడు, గాల్లో తేలడు. మన డ్రైవర్లు చాలామంది తేలుతారు. కూర్చున్న చోట ఖాళీ కనబడిందంటే ఎంత మంచి రంగు వేసినా వృథా.

రంగుల సంగతి. డబ్బాలో వచ్చే 'ఫ్లెష్', అంటే చర్మపు రంగు, గులాబీగా ఉంటుంది, మనవాళ్ళకి నప్పదు. ఎర్ర మట్టి గోధుమ, ఓకర్ అనే మట్టి పసుపు, కొంచెం ఆ ఫ్లెష్ కలిపాను. దాని మీద ఆయిల్ రంగులతో నీడలు. స్టేషనరీ షాపులో దొరికే ట్యూబులు చాలు. వాడే ముందు అట్టముక్క మీద పిండి ఉంచితే నూనె పీల్చేసుకుంటుంది, ఆరాక మెరవదు. కళ్ళకి తెలుపు వేయకండి. మూడు సెంటీమీటర్ల కన్ను ఇక్కడ మిల్లీమీటరు కూడా ఉండదు. ముదురు గీత ఒకటి చాలు. తెలుపు వేస్తే ముగ్గురూ దెయ్యాన్ని చూసినట్టు ఉంటారు. ట్యాంకు దళం వాళ్ళ నల్ల డ్రెస్సుకి ఉత్త నలుపు వేయొద్దు, బూడిద రంగు కలపండి, లేకపోతే మడతలు కనబడవు.

నేల గురించి త్వరగా. గుంటూరు నల్లరేగడి పనికిరాదు, బెంగాల్ మట్టి అది కాదు. కృష్ణ ఒడ్డు ఒండ్రు జల్లించి, పెనం మీద వేయించి, ఫెవికాల్‌లో కలిపాను. వేయించకపోతే బూజు పడుతుంది. నవంబరు అంటే అక్కడా వరి కోతలకొచ్చే కాలమే. కొండచీపురు చివర్లు కత్తిరించి చేను నాటాను. మంచుకి తడిసినట్టు ట్యాంకు పైభాగాల మీద మాత్రం అక్కడక్కడా మెరుపు వార్నిష్. వానాకాలంలో వార్నిష్ కొట్టకండి, తెల్లబారుతుంది.

ఇక డ్రైవర్. ముందు మధ్యలో, తల బయటికి. అతనికి టీ కప్పు ఇచ్చాను. నోటి దాకా తెచ్చి ఆపేశాడు. తాగడం లేదు, దించడం లేదు. కిట్ ఫ్రేమ్ ముక్కను గుండ్రంగా అరగదీసి, చేతి డ్రిల్లుతో తొలిచిన కప్పు అది. రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. మొత్తం డయోరమాలో నాకు నచ్చింది ఆ కప్పే.

నిన్న రాత్రి అమ్మ మళ్ళీ వచ్చి చూసింది. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "టీ చల్లారిపోతుందిరా అతనికి," అంది. సంక్రాంతి బొమ్మల కొలువులో ఏనుగు పక్కన చోటిస్తానంది, పై మెట్టు మాత్రం కాదట.

ఒక్క పని మిగిలింది. కప్పుకి పిడి చేశాను, సన్న తీగతో. పట్టకారులోంచి ఎగిరి మొజాయిక్ గచ్చు మీద పడింది. టార్చి వేసి గంట వెతికాను. ఆ గచ్చు మీద ఉన్న లక్ష చుక్కల్లో అదొకటి. ప్రస్తుతానికి డ్రైవర్ పిడి లేని కప్పుతోనే కూర్చున్నాడు.