మన దగ్గు ఆ అడవిలోకి పోకూడదు

(పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువారి ఉగాది సభలో ఒక రిటైర్డ్ నర్సు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకి, వైజాగ్ నుంచి ఓడెక్కి వచ్చిన అతిథులకి, వెనక వరసల్లో పిల్లల్ని ఆడిస్తున్న తల్లులకి అందరికీ ఉగాది శుభాకాంక్షలు. ఊరి పేరు శ్రీ విజయపురంగా మారినా నా నోటికి ఇంకా పోర్ట్ బ్లెయిరే వస్తుంది, ఏమీ అనుకోకండి.

ద్వీపాల్లో తెలుగువారి సేవ గురించి మాట్లాడమన్నారు. జంగ్లీఘాట్‌లో మనవాళ్ళు వల వేసిన కాలం నుంచీ చెప్పొచ్చు. అది మరో ఏడాది మరొకరు చెబుతారు. నేను ఉద్యోగమంతా వార్డుల్లో చేశాను. ఇక్కడ టూరిస్టు బండ్లు నడిపే తమ్ముళ్ళు చాలామంది కూర్చున్నారు. మళ్ళీ ఇంతమంది ఒక్కచోట దొరకరు కాబట్టి తట్టు గురించి మాట్లాడతాను. తట్టంటే మీజిల్స్. మన పిల్లలకి వస్తే వేపాకు పరిచి పడుకోబెట్టేవాళ్ళం చూడండి, అదే.

1858లో ఇంగ్లీషువాళ్ళు ఇక్కడ ఖైదీల స్థావరం పెట్టేనాటికి ఈ అడవుల ఆదివాసులు గ్రేట్ అండమానీలు పది తెగలుగా వేలల్లో ఉండేవాళ్ళు. వాళ్ళని మచ్చిక చేసుకోవాలని 1863లో అండమాన్ హోమ్స్ అని పెట్టారు. అన్నం, పొగాకు ఇచ్చి ఒకచోట చేర్చారు. అక్కడే వాళ్ళకి సిఫిలిస్ అనే సుఖరోగం అంటింది. 1877లో తట్టు వచ్చింది. హోమ్స్‌కీ అడవికీ మనుషుల రాకపోకలు ఉండేవి, రోగమూ ఆ దారినే పోయింది. తర్వాత వాళ్ళ మీద అధికారిగా వచ్చిన పోర్ట్‌మన్, ఆ ఒక్క రోగంతోనే సగం మంది, బహుశా మూడింట రెండు వంతుల మంది పోయారని రాశాడు. 1901 జనాభా లెక్కల్లో తేలింది 625 మంది. 1931కి 90. 1961కి 19. మళ్ళీ చెబుతున్నాను, పందొమ్మిది మంది. ఈ హాల్లో మొదటి రెండు వరసల్లో కూర్చున్నవాళ్ళు అంతకంటే ఎక్కువే ఉంటారు.

ఈ మాట ఎత్తితే చాలు, "వాళ్ళకి ఇమ్యూనిటీ లేదండీ, ఏం చేస్తాం" అంటారు. చదువుకున్నవాళ్ళే అంటారు. అది సగం నిజం. తట్టు వైరస్ ఆగకుండా తిరుగుతూ ఉండాలంటే లక్షల జనం ఉండాలి. కొన్ని వేల మంది ఉన్న అడవిలో అది నిలబడదు, అందుకని వాళ్ళకి అంతకుముందు అది తెలియదు. అంతవరకు సరే. కానీ చనిపోయేదాకా ఎందుకు వెళ్ళింది?

1968లో అమెజాన్ అడవుల్లో యానోమామీలనే ఆదివాసుల పల్లెల్లోకి తట్టు దిగింది. అప్పుడు అక్కడ టీకాలు వేస్తూ తిరిగిన జేమ్స్ నీల్ అనే శాస్త్రవేత్త గమనించింది వినండి. వాళ్ళ ఒంట్లో రోగం పనిచేసిన తీరు మన ఒంట్లోకంటే పెద్ద తేడాగా లేదు. తేడా అంతా చుట్టూ ఉంది. ఊరంతా ఒకేసారి మంచం పట్టింది. మన ఇంట్లో పిల్లకి తట్టు వస్తే అమ్మకి రాదు. ఆమెకి చిన్నప్పుడే వచ్చి పోయి ఉంటుంది. అమ్మమ్మకీ అంతే. ఒకరు గంజి కాస్తారు, ఒకరు పక్కన కూర్చుంటారు. అక్కడ తల్లికీ బిడ్డకీ తాతకీ వేటగాడికీ ఒకే వారంలో జ్వరం. ఏటికి పోయి నీళ్ళు తెచ్చేవాళ్ళు లేరు. పాలిచ్చే తల్లి లేవలేదు. దాహానికి, విరేచనాలకి, న్యుమోనియాకి పోయారు. పక్కన మనిషి లేక పోయారు. నర్సుగా నాకు ఇంతకంటే ఘోరమైన చావు తెలియదు.

మన ద్వీపాల్లోనే ఇంకో ఆదివాసి తెగ జరావాలు అప్పట్లో ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. విల్లు ఎక్కుపెట్టేవాళ్ళు. వాళ్ళని క్రూరులని మన ఇళ్ళల్లోనూ అంటారు. 1877 నాటి తట్టు బారి నుంచి వాళ్ళని కాపాడింది ఆ విల్లే. బయటివాళ్ళని ఇప్పటికీ రానివ్వని సెంటినల్ ద్వీపంవాళ్ళ సంగతీ అంతే. 1880లో ఇదే పోర్ట్‌మన్ అక్కడ ఒక ముసలి జంటనీ నలుగురు పిల్లల్నీ పట్టుకుని ఇక్కడికి తెచ్చాడు. వెంటనే జబ్బుపడ్డారు. ముసలివాళ్ళిద్దరూ చనిపోయారు. పిల్లల్ని బహుమతులిచ్చి తిరిగి దింపేశాడు. ఆ పిల్లలతో బహుమతులే వెళ్ళాయా, ఇంకేమైనా వెళ్ళిందా? 2018లో ఆ ద్వీపంలోకి చొరబడిన అమెరికా కుర్రాడు చనిపోయినప్పుడు నేను చూసిన టీవీలో అందరూ బాణాల గురించే మాట్లాడారు. ఈ రోగాల సంగతి వాళ్ళలో ఒక్కరూ ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండింది.

విషయానికి వస్తాను. 1997 చివర్లో జరావాలు విల్లు లేకుండా బయటికి రావడం మొదలైంది. రెండేళ్ళు తిరిగాయి. 1999లో తట్టు వచ్చింది. తెగలో దాదాపు సగం మందికి అంటుకుంది.

అప్పుడు వార్డులో ఉన్నాను. నాలుగేళ్ళుంటాయేమో, ఒక పాప. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. వెలుతురు భరించలేక మొహం తల్లి పొట్టలో దాచుకుంది. కిటికీకి దుప్పటి కట్టాం. అన్నం ముద్ద నోట్లో పెడితే ఉమ్మేసింది, మన ఉప్పు ఆ నోటికి తెలియదు. తల్లికీ జ్వరమే. కూర్చోలేకపోతోంది, అయినా బిడ్డని వదలదు. నేనూ ఇంకో అమ్మాయీ వంతులేసుకుని చెంచాతో నీళ్ళు పోశాం. ఒక చెంచా, కాసేపాగి ఇంకో చెంచా. రాత్రంతా అదే పని. దగ్గుకి ఇంజెక్షన్లు వేరే. పాప బతికింది. మందు పనిచేసిందని డాక్టరుగారు అన్నారు, నిజమే. నీళ్ళు కూడా పనిచేశాయని నేనంటాను.

ఇక తలుపు దగ్గర జనం. "జరావాలొచ్చారంట" అని చంటిపిల్లల్ని చంకనేసుకుని చూడ్డానికి వచ్చారు. వాళ్ళలో మన తెలుగువాళ్ళూ ఉన్నారు. అరటిపండ్లు తెచ్చారు. ముక్కు కారుతున్న పిల్లవాడిని గడపలో నిలబెట్టి "అదుగో చూడు" అని చూపించింది ఒకావిడ. నేను అరిచాను. ఆవిడకి కోపం వచ్చింది. నా కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, ఎందుకంటే ఆ గడప ఇప్పుడు దాదాపు 50 కిలోమీటర్ల రోడ్డయింది. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి మిడిల్ స్ట్రెయిట్ దాకా జరావాల అడవి మధ్యలోంచి పోయే ట్రంక్ రోడ్డు. ఆ భాగం మూసెయ్యమని 2002 మే 7న సుప్రీంకోర్టు చెప్పింది. బండ్లన్నీ వరసకట్టి పోయే కాన్వాయ్ నడుస్తూనే ఉంది. 2006లో జరావాలకి మళ్ళీ తట్టు వచ్చింది.

హైదరాబాద్ నుంచి ఫోన్లొస్తాయి. "పిన్నీ, సెల్యులర్ జైలు చూశాక జరావాల్ని చూపిస్తావా?" మనుషుల్ని చూపించడమేంటమ్మా! "అయితే బారాటాంగ్ గుహలకి వెళతాం, దారిలో కనబడతారంట కదా" అంటారు. పిల్లాడికి కొంచెం జలుబుగా ఉందని కూడా వాళ్ళే చెబుతారు.

డ్రైవర్ తమ్ముళ్ళూ, ఇక్కడ వినండి. తట్టులో ఒంటి మీద ఎర్రగా పొక్కక ముందే, నాలుగు రోజుల ముందు నుంచే రోగం ఇతరులకి అంటుతుంది. అప్పుడది ఉత్త జలుబులాగే ఉంటుంది. మీ బండి వెనక సీట్లో దగ్గుతున్న పిల్లాడికి ఉన్నది జలుబో తట్టో నేను కూడా చెప్పలేను. ఆ గాలిలో వైరస్ రెండు గంటలదాకా ఉంటుంది. టీకా పడనివాళ్ళ మధ్య ఒక్కరి నుంచి పన్నెండు నుంచి పద్దెనిమిది మందికి పాకుతుంది. అద్దం దించి బిస్కెట్ ప్యాకెట్ విసిరేది ఆ చేతులతోనే. దయతోనే విసురుతారు, నాకు తెలుసు. అండమాన్ హోమ్స్‌లో అన్నం పెట్టినవాళ్ళూ దయేననుకున్నారు.

ఆ రోడ్డుకి అవతల ఉత్తరాన రంగత్, మాయాబందర్‌లలో ఉన్న మనవాళ్ళు అడుగుతారు, "అక్కా, డెలివరీ కేసొస్తే ఏ దారిన తెచ్చుకోవాలి?" అని. అంబులెన్సుకి దారి ఉండాల్సిందే, దాని మీద నాకు పేచీ లేదు. నేనంటున్నది షికారు బండ్ల గురించి. రంగత్‌కీ దిగ్లీపూర్‌కీ బోట్లున్నాయి. బోట్లు ఇంకా పెంచమని గట్టిగా అడుగుదాం.

ఒక మంచి మాట కూడా ఉంది. 2001లో 240 ఉన్న జరావాలు 2011 లెక్కలకి 380 అయ్యారు. 2020లో కోవిడ్ మిగిలిన ఆ కొద్దిమంది గ్రేట్ అండమానీల్లోకి చేరి పదిమందికి వచ్చింది, కోలుకున్నారు. వేళకి చూసుకుంటే బతుకుతారు. నలభై ఏళ్ళు వార్డులో ఉన్నదాన్ని చెబుతున్నాను, నమ్మండి.

అధ్యక్షులవారూ, చీటీ పంపారు, చూశాను. పిల్లల డాన్సులకి ముందు ఒక్క తీర్మానం పెట్టనివ్వండి. మన సంఘం సభ్యుల బండి ఏదీ జరావాల్ని చూపిస్తానని బేరం ఒప్పుకోదు. దగ్గు, జ్వరం ఉన్నవాళ్ళని ఆ కాన్వాయ్‌లో ఎక్కించుకోదు. మన ఇళ్ళల్లో ప్రతి పిల్లకీ తొమ్మిదో నెల దాటాక ఒకటి, పదహారో నెల దాటాక రెండోది, తట్టు రాకుండా వేసే ఎంఆర్ టీకా పడిందో లేదో సంఘమే కార్డు చూసి రాసుకుంటుంది. ఆ రోడ్డు మీద టూరిస్టు బండ్లు ఆపమని, 2002 నాటి ఉత్తర్వు అమలు చేయమని అడ్మినిస్ట్రేషన్‌కి మన లెటర్‌హెడ్ మీద ఉత్తరం పోతుంది. ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి. డ్రైవర్ తమ్ముళ్ళు ముందు ఎత్తండి, కార్యదర్శిగారు లెక్కపెడతారు.